చీరకొంగూ, కంప్యూటరూ



ఇవాళ నేను చెప్పబోయేది పచ్చళ్ళ సంగతీ కాదు, పసిపిల్లల పెంపకం సంగతీ కాదు. కంప్యూటరు సంగతి. “కంప్యూటరుతో మాకేం పని, అది పిల్లల గొడవ కదా!” అని రేడియో కట్టేయకండి. మొన్న మొన్నటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఆ పిల్లల గొడవలో నా చీటీ డబ్బు పెట్టాక, అందులో ఒక వస్తువు బహుశా నా చేతులారా పాడుచేశాక, ఈ నాలుగు మాటలూ తోటి ఆడవాళ్ళకు చెప్పి తీరాలనిపించింది.

మా అమ్మాయి ఆర్కిటెక్చరు చదువుతోంది. ఇళ్ళ నమూనాలన్నీ కంప్యూటరు మీదే గీయాలి. దాని దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ ఆ బరువు మోయలేక మాటిమాటికీ ఆగిపోతోంది. “విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లోనే బిగించుకుంటానమ్మా. గుడ్డ కొని మన కొలతలకు కుట్టించుకున్నట్టే. అదే డబ్బుకి మనకు కావలసిన విధంగా వస్తుంది” అంది. గుడ్డ, కుట్టు అంటే నాకు అర్థం కాకపోవడమేమిటి? రెండేళ్ళు కట్టిన చీటీ పాడి, 70 వేల రూపాయలు దాని చేతిలో పెట్టాను.

అది జనవరి నెల. హైదరాబాదులో ఆ రోజుల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలుసు. పెదవులు పగిలి, చేతులు తెల్లగా గీతలు పడే కాలం. మా అమ్మాయి మంచం మీద ఉన్ని దుప్పటి పరిచి, స్వెట్టరు వేసుకుని, థర్మోకోలు ముక్కల మధ్య సామానంతా పరుచుకుని కూర్చుంది. నేను పక్కన చేరి ఒక్కొక్కటీ అందిస్తున్నాను. అందులో ర్యామ్ అని రెండు సన్నటి పలకలున్నాయి. కంప్యూటరు పనిచేస్తున్నంతసేపూ జ్ఞాపకం పెట్టుకునే భాగమట అది. ఒక అంచున దువ్వెన పళ్ళలాగ బంగారు రంగు గీతలుంటాయి. దుమ్ము పడిందేమోనని, కొత్త వస్తువు కదా అని, ఒకదాన్ని నా నైలాను చీర కొంగుతో శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చాను.

అంతా బిగించి స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది, దీపాలు వెలిగాయి, తెర మాత్రం చీకటి. పిల్ల ముఖం చూడలేకపోయాను. మర్నాడు మా మేనల్లుడు వచ్చాడు. ఎలక్ట్రానిక్ పరికరాలు మరమ్మతు చేసే పని వాడిది. రెండు పలకలూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒకదానితో తెర వెలిగింది. రెండోది పెడితే మళ్ళీ చీకటే. “ఇది పోయింది” అని పక్కన పెట్టి, ఎలా బిగించారో అడిగాడు. నేను కొంగుతో తుడిచిన సంగతి చెప్పగానే వాడు నవ్వలేదు. “అత్తయ్యా, ఈ కాలంలో, ఆ చీరతోనా!” అన్నాడు.

పాడైనది నేను తుడిచిన పలకేనా అంటే ఒట్టేసి చెప్పలేను. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. అది దుకాణం నుంచి వచ్చేటప్పటికే పాడై ఉండవచ్చు కూడా. వారంటీ కింద మార్పించుకోవచ్చు కదా అంటారేమో. అది పంపి, తిరిగి వచ్చేదాకా ఆగే వ్యవధి పిల్లకు లేదు. పైగా నా చేతి తప్పేమోనన్న అనుమానం ఉండగా ఇంకొకరిని నిలదీయడానికి మనసొప్పలేదు. అయిదు వేల పైచిలుకు పెట్టి కొత్తది కొన్నాం. ఆ అయిదు వేలకూ మా మేనల్లుడు చెప్పిన పాఠమే ఇవాళ మీకు చెబుతున్నాను.

పొడి జుట్టు దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెన చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి కదూ! చలికాలం రాత్రి దీపం ఆర్పి నైలాను చీర విప్పుతుంటే చిటపటమంటూ సన్నటి మెరుపులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్ళెం పట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. ఇవన్నీ ఒక్కటే. రెండు వస్తువులు ఒకదానికొకటి తాకి, రాసుకుని, విడిపోయినప్పుడు ఒకదాని మీది విద్యుత్తు కొంత రెండోదాని మీదికి చేరి అక్కడే నిలిచిపోతుంది. తీగలో పారే కరెంటులాగ ప్రవహించక, ఉన్నచోటే ఉంటుంది కనుక దీన్ని స్థిర విద్యుత్తు అన్నారు. సుమారు 2,600 ఏళ్ళ క్రితం గ్రీకు పండితుడు థేలీస్ అంబరును ఉన్నితో రుద్దితే అది తేలికపాటి వస్తువులను లాగుతుందని గమనించాడని చెబుతారు. అంబరును గ్రీకు భాషలో ఎలెక్ట్రాన్ అంటారు. మనమనే ఎలక్ట్రిసిటీ అన్న మాట అక్కడినుంచి పుట్టిందే.

గాలిలో తేమ ఉంటే ఈ విద్యుత్తు నెమ్మదిగా జారిపోతుంది. గాలి పొడిబారితే పోయే దారి లేక మన ఒంటి మీదే పేరుకుంటుంది. బాగా పొడి గాలిలో తివాచీ మీద నడిచిన మనిషి ఒంటి మీద 35 వేల వోల్టుల దాకా చేరవచ్చునట! అదే తేమగా ఉన్న రోజున అయితే 1,500 వోల్టులకు తగ్గుతుంది. గోడలోని ప్లగ్గులో ఉండేది 230 వోల్టులే కదా, మరి 35 వేలంటే మనం బ్రతకడమెలా అని నేనూ అడిగాను.

వంటింటి మాటల్లో చెబుతాను. కాగిన నూనె చుక్క ఒకటి చేతిమీద పడితే చురుక్కుమంటుంది, అంతే. నూనె ఎంత వేడిగా ఉన్నా, ఉన్నది ఒక్క చుక్క. ఆ చుక్కతో గ్లాసెడు నీళ్ళు కాచలేం. స్థిర విద్యుత్తు కూడా అంతే. వోల్టులు ఎక్కువే గానీ, విద్యుత్తు పరిమాణం చుక్కంతే. మనకు చురుకు, క్షణంలో పోతుంది. కానీ అదే నూనె చుక్క చీమ మీద పడితే? కంప్యూటరు చిప్పులోని భాగాలు ఆ చీమకంటే ఎన్నో రెట్లు చిన్నవి. మిల్లీమీటరును పది లక్షల వంతులు చేస్తే అందులో కొద్ది వంతుల మందం మాత్రమే ఉండే పొరలుంటాయి వాటిలో. ఆ లెక్కన మన తల వెంట్రుక మందం 50 వేల వంతులకు పైగానే ఉంటుంది. ఒక్క రవ్వ దూకితే ఆ పొరకు చిల్లి పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను, జాగ్రత్తగా వినండి. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3 వేల వోల్టులు ఉండాలి. అంతకు తక్కువైతే మనకు తెలియనే తెలియదు. కొన్ని సున్నితమైన చిప్పులు పాడవడానికి 100 వోల్టులైనా అక్కరలేదు. అంటే మనకు చిటుక్కుమనలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం వట్టి భ్రమ. వానాకాలమే కదా, మేం విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉన్నాం కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. అక్కడ ప్రమాదం తగ్గే మాట నిజమే గానీ బొత్తిగా పోదు. ఇక ఏసీ వేసిన గదిలో కూర్చుంటే ఏ ఊరైనా గాలి కాస్త పొడిబారుతుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, దెబ్బ తిన్న వస్తువు వెంటనే చచ్చిపోవాలని లేదు. సగం ప్రాణంతో పనిచేస్తూ, కొన్నాళ్ళకు కారణం తెలియకుండా మొరాయించవచ్చు. పగులు పట్టిన కుండలో నీళ్ళు పోసిన పూటే కారకపోయినా ఎప్పుడో ఒకనాడు నేల తడుస్తుంది కదా, అలాగన్నమాట.

“మా పక్కింటి అబ్బాయి ఏ జాగ్రత్తా లేకుండానే బిగించాడు, ఏమీ కాలేదు” అని మీరనవచ్చు. అదీ నిజమే. ఈ రోజుల్లో చిప్పుల లోపలే కొంత రక్షణ ఏర్పాటు చేస్తున్నారు. పదిసార్లు ఏమీ కాకపోవచ్చు. కానీ పదకొండోసారి పోయేది మన చీటీ డబ్బు. అదీగాక, ఈ జాగ్రత్తలకయ్యే ఖర్చు దాదాపు సున్న. మందలించడం కన్నా నేర్చుకోవడం నయం కదండీ.

అయితే ఏం చెయ్యాలి? సూత్రం ఒక్కటే. పక్కపక్కన రెండు బిందెలున్నాయనుకోండి. ఒకదానిలో నీళ్ళు నిండుగా, రెండోదానిలో అడుగున ఉన్నాయి. రెండింటినీ గొట్టంతో కలిపితే నీళ్ళు దూకుతాయి. రెండింటిలోనూ ఒకే మట్టం ఉంటే గొట్టం పెట్టినా చుక్క కదలదు. మనిషీ, కంప్యూటరు పెట్టే, చేతిలోని భాగమూ, ఈ మూడూ ముందుగానే ఒకే మట్టానికి వచ్చేస్తే రవ్వ దూకవలసిన అవసరమే ఉండదు. అన్ని జాగ్రత్తలూ ఇందుకోసమే.

మొదటిది, చోటు. మంచం, తివాచీ, దుప్పటి పనికిరావు. మామూలు చెక్క బల్ల మంచిది. దాని మీది ప్లాస్టిక్ గుడ్డ తీసేయండి. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె ఉంటుంది కదా, దాని మీదే బోర్డు పెట్టి పని చేసుకోవచ్చు. థర్మోకోలు, ప్లాస్టిక్ కవర్లు, బుడగల కాగితం విప్పిన వెంటనే గది బయట పడేయండి. విద్యుత్తు పుట్టించడంలో వీటిని మించినవి లేవు.

రెండవది, బట్టలు. నూలుబట్టలు కట్టుకోండి. నైలాను, పాలియెస్టరు, పట్టు, ఉన్ని ఆ కాస్సేపూ వద్దు. కొంగు బొడ్డులో దోపుకోండి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. మెడలో గొలుసు ఉంటే జాకెట్టు లోపలికి వేసుకోండి. వంగినప్పుడు బోర్డు మీద గీరుకోకూడదు. రబ్బరు చెప్పులు విడిచి, నాపరాళ్ళ నేల అయితే ఒట్టి కాళ్ళతో కూర్చోవడం మంచిదే.

మూడవది, కరెంటు. బిగించేటప్పుడు ప్లగ్గు గోడనుంచి పూర్తిగా లాగేయండి. కొంతమంది ఎర్తు కోసం ప్లగ్గు ఉంచి స్విచ్చి ఆపుతారు. మన ఇళ్ళల్లో వైరింగు ఎలా ఉందో మనకు తెలియదు కనుక ఆ సాహసం వద్దు. మట్టం సమానం కావడానికి గోడ ఎర్తు లేకపోయినా ఫరవాలేదు. ఇదివరకే వాడుతున్న కంప్యూటరు విప్పేటట్లయితే, ప్లగ్గు లాగాక దాని పవరు బొత్తాం కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు కాస్తా పోతుంది. కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా దాని లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ ఉంటుంది.

నాలుగవది, అన్నిటికన్నా తేలికైనదీ, మనం ఎక్కువగా మరచిపోయేదీ. ఏ భాగం ముట్టుకునే ముందైనా కంప్యూటరు పెట్టెలో రంగు వెయ్యని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. రంగు విద్యుత్తును అడ్డుకుంటుంది, అందుకని రంగు లేనిచోటే తాకాలి. ఒక్కసారి తాకితే చాలదు. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళి వచ్చారా, మళ్ళీ తాకండి. కుర్చీలో అటూ ఇటూ కదిలారా, మళ్ళీ తాకండి.

అయిదవది, మణికట్టు పట్టీ. కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. మా ఊళ్ళో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే దుకాణాల్లో అడగవచ్చు. ఒక కొస మణికట్టుకు, చర్మానికి ఆనేటట్టు కట్టుకోవాలి, చొక్కా చేతి మీద కాదు. రెండో కొస క్లిప్పును కంప్యూటరు పెట్టె ఇనుముకు తగిలించాలి. ఇక మాటిమాటికీ తాకే పని లేదు. ఆ తీగలో 10 లక్షల ఓముల నిరోధకం ఒకటి దాచి ఉంటుంది. పొరపాటున ఎక్కడైనా 230 వోల్టుల తీగ తగిలినా, ఆ పట్టీ గుండా మిల్లీ ఆంపియరులో నాలుగో వంతు కూడా పారనివ్వదు. అందుకే ఇంట్లో ఉన్న ఏదో రాగి తీగ చేతికి చుట్టుకుంటే సరిపోతుందనుకోకండి. పట్టీ క్లిప్పును గోడ ప్లగ్గు రంధ్రంలో పెట్టడం అసలే కూడదు. తీగ లేకుండా పనిచేస్తుందంటూ అమ్మే పట్టీలు కూడా ఉన్నాయి. గొట్టం లేకుండా బిందెలో నీళ్ళు ఎక్కడికి పోతాయి? అవి కొనకండి.

ఆరవది, సంచీ. భాగాలు వెండి రంగు సంచీలో వస్తాయి. దానిలో సన్నని లోహపు పొర ఉంటుంది. 1836లో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు లోహపు రేకు తొడిగిన గదిలో నిలబడి, బయట ఎంత విద్యుత్తు ఉన్నా లోపలికి రాదని నిరూపించాడు. ఈ సంచీ అలాంటి చిన్న గదే. గులాబీ రంగు సంచీ తనంతట తాను విద్యుత్తు పుట్టించదు గానీ బయటినుంచి వచ్చేదాన్ని అడ్డుకోలేదు. కూరగాయల కవరు ఈ రెండింటిలో ఏదీ కాదు. బిగించే క్షణం దాకా వస్తువును సంచీలోనే ఉంచండి. తీసే ముందు ఒక చెయ్యి పెట్టె ఇనుము మీద ఉంచి, రెండో చేత్తో సంచీని పట్టుకోండి. తరువాత వస్తువును అంచులు పట్టుకుని తీయండి. ఆ బంగారు రంగు పళ్ళను వేలితో తాకవద్దు.

ఏడవది మన ఆడవాళ్ళ కోసం ప్రత్యేకం. శుభ్రం చేయాలన్న ఆత్రుత! కొత్త భాగాలను తుడవనక్కరలేదు. పాత కంప్యూటరులో దుమ్ము పేరుకుంటే ప్లగ్గు తీసేసి గాలి ఊదే డబ్బాతో ఊదండి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని. వాక్యూమ్ క్లీనరు ప్లాస్టిక్ గొట్టం లోపలికి పోనివ్వకండి. గాలి వేగానికి ఆ గొట్టం మీద విద్యుత్తు పుడుతుంది. నైలాను బ్రష్షూ, చీరకొంగూ సంగతి ఇక నేను చెప్పనక్కరలేదు.

మరొక్క హెచ్చరిక. బిగించి వాడుతున్న కంప్యూటరు పెట్టెను తాకితే ఒక్కసారి చిటుక్కుమని ఆగిపోయిందా, అది స్థిర విద్యుత్తు. అలా కాకుండా తాకినంతసేపూ జివ్వుజివ్వుమంటూ ఉంటే అది స్థిర విద్యుత్తు కాదు. మీ ప్లగ్గులో ఎర్తు లేదన్నమాట! మూడు పుల్లల ప్లగ్గులో పైనున్న లావుపాటి పుల్ల ఎర్తుది. దాన్ని తప్పించి రెండు పుల్లల ప్లగ్గులో పెట్టడం చాలా ఇళ్ళల్లో చూస్తాం. అలాంటప్పుడు కంప్యూటరు కట్టేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఇది వస్తువుకే కాదు, పిల్లలకూ ప్రమాదం.

ఇక మా ఇంటి కథ ముగిస్తాను. కొత్త పలక వచ్చిన రోజున మా అమ్మాయి నన్ను దగ్గరికి రానిస్తుందో లేదో అనుకున్నాను. అదే పిలిచింది. “నువ్వు అందించమ్మా. కానీ వస్తువు ఇచ్చేముందు నా చెయ్యి ముట్టుకో” అంది. ఎందుకంటే, దాని మణికట్టుకు పట్టీ ఉంది, నాకు లేదు. నేను ముందుగా దాని చెయ్యి తాకితే ఇద్దరం ఒకే మట్టానికి వస్తాం. ఆ తరువాత వస్తువు చేతులు మారినా రవ్వ దూకదు. నూలుచీర కట్టుకుని, కొంగు దోపుకుని, ప్రతిసారీ పిల్ల చెయ్యి తాకి ఒక్కొక్కటీ అందించాను. రెండు గంటల పని. స్విచ్చి వేయగానే తెర వెలిగింది. ఇప్పుడు దాని బొమ్మలన్నీ అందులోనే గీస్తోంది. మొదట గీసిన ఇంటికి వంటిల్లు చిన్నదైందని నేనే వంక పెట్టాను!

కనుక సోదరీమణులారా, మీ ఇంట్లో పిల్లలు కంప్యూటరు విప్పుతామన్నా, బిగిస్తామన్నా కోప్పడకండి, భయపడకండి. నాలుగు మాటలు గుర్తు చేయండి: నూలుబట్ట, చెక్కబల్ల, లాగేసిన ప్లగ్గు, ముందుగా ఇనుము తాకిన చెయ్యి. పట్టీ ఉంటే మరీ మంచిది. మిగిలినది వాళ్ళు చూసుకుంటారు.